బుధుడి మీది బొంద

జనగామ బడిలో మాకు సైన్సు చెప్పిన సారు ఏ పాఠమైనా ఇంట్లో మాట్లాడినట్టే చెప్పేవారు. బుధగ్రహం పాఠం రోజు పళ్లెంలో బూడిద పోసి, పైనుంచి ఒక రాయి జారవిడిచారు.

“సూడుండ్రి, గిట్లనే ఉల్క వడి బొంద వడ్డది. ఆడ గాలి లేదు, వాన లేదు. అందుకే కోట్ల ఏండ్లయినా గది పూడలే” అన్నారు.

తనిఖీకి వచ్చి వెనక బెంచీలో కూర్చున్న కోస్తా అధికారి పగలబడి నవ్వాడు.

“బొందేమిటండీ? ఉల్కాబిలం అనండి. ముందు మీరు తెలుగు నేర్చుకోండి.”

మా అందరి ముందే అన్నాడు. సారు చేతికంటిన బూడిద తుడుచుకుని “సరే సార్” అన్నారు.

మర్నాటి నుంచి ఆయన పుస్తకం తెరిచి ఉన్నది ఉన్నట్టు చదివేవారు. ఉద్యమంలో బడులు మూతపడ్డప్పుడు మాతో పాటు రోడ్డు మీద కూర్చున్నారు కానీ, మైకు ఇస్తే వద్దని తల అడ్డంగా ఊపారు.

రాష్ట్రం వచ్చిన రోజు మిఠాయి తీసుకుని మేమంతా ఆయన ఇంటికి వెళ్లాం.

“సారూ, ఇగ మన మాటల్లనే పాఠం చెప్పుండ్రి” అన్నాను.

ఆయన మిఠాయి నోట్లో పెట్టుకోకుండా అలాగే నిలబడ్డారు.

“మొన్ననే నా నౌకరి అయిపోయింది బిడ్డా” అన్నారు.