బావగారి వైనరీ, మా ఎర్రగుట్ట

మొన్న ఆదివారం పేపరుతో వచ్చిన పుస్తకంలో ఎక్కడో విదేశంలో కొండవాలులో ఒదిగిపోయిన వైనరీ ఫొటోలు రెండు పేజీల నిండా వేసి, ప్రకృతిలో కలిసిపోయే కట్టడం అంటే ఇదీ, ఇలాంటి ఆలోచన మనవాళ్లకి ఎప్పటికి వస్తుందో అని రాశారు. చదివి, పుస్తకం మడిచి టీపాయ్ మీద పడేశాను. మనవాళ్లకి ఆ ఆలోచన ఎప్పుడో వచ్చింది. వచ్చినందుకు ఏం పడ్డారో మాత్రం ఏ పేపరూ రాయదు. నా ఈడువాళ్లకి చెబితే అర్థమవుతుందని రాస్తున్నాను.

మా బావగారు, అంటే మా అక్క భర్త, ఒంగోల్లో పొగాకు వ్యాపారం చేసేవారు. ఏదో పని మీద మహారాష్ట్ర వైపు వెళ్లి, అక్కడ ద్రాక్షతోటల మధ్య వైన్ తయారుచేసే చోట ఒక పూట గడిపి, తిరిగొచ్చినప్పటినుంచి మనిషి ఇక్కడ, మనసక్కడ. సింగరాయకొండకి పడమరగా, పత్తి చేలకీ మిరప చేలకీ మధ్య ఎర్రమట్టీ గులకరాళ్లూ కలిసిన గరప గుట్ట ఒకటుండేది. అందులో సగం ఆయనది, మిగతా సగం పాలివాళ్లది. ఆ గుట్ట కింద ద్రాక్ష పందిళ్లు వేయించారు. ఈ ఎండల్లో ద్రాక్షేమిటని నవ్వినవాళ్లందరూ మూడో ఏటికి గుత్తులు చూడ్డానికి బళ్లు కట్టుకుని వచ్చారు. అప్పుడాయన వైనరీ కట్టాలన్నారు. కట్టాల్సింది నేనే అన్నారు.

నేనప్పటికి ఆర్కిటెక్టునన్న మాటే గానీ, కళ్యాణమండపాలకీ నర్సింగ్ హోములకీ ముందు లావుపాటి స్తంభాలు గీసీ గీసీ విసిగిపోయి ఉన్నాను. ఆ గుట్ట చూడగానే ప్రాణం లేచొచ్చింది. గుట్టవాలులోకి సగం దించి కడితే, కోసుకొచ్చిన ద్రాక్షని పైవైపు నుంచే లోపలికి పోయొచ్చు. రసం దానంతటదే కింది గదుల్లోకి దిగుతుంది. మూడు వైపులా మట్టే గనక వడగాడ్పు తగలదు. గోడలకి గ్రానైట్ క్వారీల్లో పనికిరాదని పారేసిన రాయి, కప్పు మీద గుట్ట మట్టే పోసి, దాని మీద అక్కడి గడ్డీ, తంగేడూ. దూరం నుంచి చూస్తే గుట్ట తప్ప ఇంకేమీ కనబడకూడదని నా పట్టుదల.

బావగారు ప్లాను కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఏమ్మా, ఇంత కష్టపడి కట్టేది ఎవరికీ కనబడకుండా ఉండటానికా? హైవే మీద పోయేవాడు కారాపి చూడొద్దూ?"

ఆయన మనసులో ఉన్నది కోట. నాలుగు మూలలా బురుజులు, మధ్యలో గుమ్మటం. మా అక్క సంగతి వేరు. మొగుడు సారాకొట్టు పెడుతున్నాడని అత్తవారి తరఫువాళ్లు అంటారేమోనని ఆమె అప్పటికే సగం చిక్కిపోయింది.

"ఇంకాస్త లోపలికి దించవే. వాళ్లంతా గుడికి ఆ దారినే పోతారు" అనేది నాతో.

నా ప్లానుకి దొరికిన ఒకే ఒక్క మద్దతు అది. అదీ సిగ్గుతో ఇచ్చింది. మధ్యలో వాస్తు సిద్ధాంతిగారొచ్చారు. ఆయన అడ్డం తగులుతారని నేను ఎదురుచూస్తే, ఇది ఇల్లు కాదుగా, ధాన్యం పాతర లాంటిదే, దోషం లేదు అనేశారు. దాంతో బావగారికి ఒళ్లు మండి ఇంకో సిద్ధాంతిని పిలిపించారు. ఇలా ఒక్కొక్క గోడకీ ఒక్కొక్క పంచాయతీ జరిగి, చివరికి అక్క అలిగి పుట్టింటికొచ్చి కూర్చున్నాక, కట్టడం నా ప్లాను ప్రకారమే లేచింది. లేచింది అనకూడదేమో, ఒదిగింది.

ప్రారంభానికి కొద్దిరోజుల ముందు వేరే పని మీద విశాఖపట్నం వెళ్లొచ్చాను. వచ్చి చూస్తే, నేను మట్టి పోయించి గడ్డి నాటించిన కప్పు మీద, సిమెంటుతో చేసిన ద్రాక్షగుత్తి నిలబడి ఉంది. మనిషికి రెండింతల ఎత్తు. ఒక్కో పండు గుమ్మడికాయంత. ఊదారంగు వేసి, పైన రెండు ఆకుపచ్చ ఆకులు కూడా పెట్టారు.

"ఎలా ఉందమ్మా?" అన్నారు బావగారు, ముచ్చటగా దాన్నే చూస్తూ.

"దాని కింద నా పేరు మాత్రం వేయించకండి బావగారూ" అని కారెక్కేశాను. ప్రారంభానికి వెళ్లలేదు. అక్క కూడా పూజ పూర్తికాకుండానే తలనొప్పని ఇంటికొచ్చేసిందట.

ఆ కార్తీకంలో తుఫాను వానలు పట్టాయి. గుత్తిని నిలబెట్టడానికి కప్పుకి కన్నాలు వేసి ఇనుప చువ్వలు దింపారట, ఆ కన్నాల్లోంచి నీళ్లు దిగి కింద పులుస్తున్న రసంలో పడ్డాయి. ఆ ఏటి పంట రసమంతా కాలవలో పారబోశారు. బావగారు మా ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చుని, గొడుగు నేలకి ఆనించుకుని, తప్పు తనదన్న మాట మాత్రం అనకుండా, "ఒకసారి వచ్చి చూడమ్మా" అన్నారు. నాకు తిట్టాలనే ఉంది. అంత పెద్దాయన పంచె అంచులు బురదతో ఉండటం చూసి, చెప్పులు వేసుకుని ఆయన వెంట బయల్దేరాను.

క్రేను తెప్పించి గుత్తిని దింపించాం. కన్నాలు పూడ్చి, మళ్లీ మట్టి పోయించి, గడ్డి నాటించాను. అంతా అయ్యాక ఆయన పందిట్లో నిలబడి గుట్టవైపు చూసి, "నిజంగానే ఏమీ లేనట్టుందే" అన్నారు. మెచ్చుకున్నారో బాధపడ్డారో నాకిప్పటికీ తెలియదు. ఆ తర్వాత వైన్ బాగానే వచ్చింది. గొప్పదేం కాదు, కాస్త వగరు. రోహిణి ఎండల్లో కూడా లోపలికి వెళితే చేతులు చల్లబడేవి. అక్క మెల్లిగా అక్కడికి రావడం అలవాటు చేసుకుంది. బయట ఎండ కాస్తుంటే లోపల చాప వేసుకుని పడుకునేది. తయారయ్యేదాన్ని మాత్రం వేలితో ముట్టేది కాదు.

బావగారు పోయాక తీగలు ఎండిపోయాయి. కొన్నాళ్లు ఆ గదుల్లో చుట్టుపక్కల రైతులు మిరపకాయల బస్తాలు పెట్టుకున్నారు. కిందటేడు ఎండాకాలంలో అక్క చూసొద్దామంటే ఇద్దరం వెళ్లాం. పాలివాళ్లు వాళ్ల సగం గుట్టని లేఅవుట్లకి మట్టి కోసం అమ్మేశారు. పొక్లెయిను మా హద్దుదాకా నిలువుగా కోసుకుంటూ వచ్చింది. మా సగం వానలకి దానంతటదే జారిపోయింది. గుట్టలో దాచిన గోడలు బయటపడి, చదునైన నేల మీద, వంకర కప్పుతో, ఎందుకు కట్టారో తెలియని వస్తువులా నిలబడి ఉంది నా కట్టడం. చుట్టూ ప్లాట్ల రాళ్లు, నీలిరేకుల కోల్డ్ స్టోరేజీ ఒకటి.

అక్క చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడల చుట్టూ తిరిగొచ్చింది.

"మళ్లీ మట్టి తోలించి గుట్ట చెయ్యలేవే? నువ్వు చదువుకున్నావుగా" అంది.

విసుగొచ్చి, గుట్టలు చెయ్యడం ఏ కాలేజీలోనూ చెప్పరక్కా అన్నాను. అన్నాక ఆమె ముఖం చూసి, ఎందుకన్నానా అనిపించింది. మా రోజుల్లో కట్టేవాడు ముందు నేల ఎటు వాలుందో, గాలి ఎటు నుంచి వస్తుందో చూసి, దానికి తగ్గట్టు గోడ తిప్పేవాడు. ఇప్పుడు ప్లాను ముందొస్తుంది, నేలని దానికి సరిపడా కోస్తారు. కలిసిపోయేలా కట్టమని పేపర్లో రాసేవాళ్లు, దేనితో కలవాలో కూడా ఒక్కమాట రాస్తే బాగుండేది.