ఆధారమక్క నమూనా కాగితం

ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. ఆ గదిలో ఎవరూ దాన్ని వాడరు. పద్నాలుగు మందీ ఆవిణ్ని ఆధారమక్క అనే పిలుస్తారు. ఎవరు ఏ వాక్యం రాసి చూపించినా ఆవిడ నోటి వెంట వచ్చే మొదటి మాట ఒకటే: "ఆధారం ఏది?"

ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి మేనేజరు తన గాజు గదిలోకి పిలిచి, "మనం పంపిన వాక్యాల బ్యాచ్ మొత్తం వెనక్కొచ్చింది మేడం" అన్నప్పుడు కూడా అదే అడిగింది.

అతను స్క్రీన్ ఆవిడ వైపు తిప్పాడు. అరవై ఏడు అన్న అంకె ఎర్రగా ఉంది.

ఆ అంకెకు ఎందుకు భయపడాలో తెలియాలంటే అక్కడ జరిగే పని తెలియాలి. చూడ్డానికి అది పిల్లల ఆటలా ఉంటుంది. ముందు ఒక వాక్యం ఇస్తారు: 'వంతెన మీద ఇద్దరు కార్మికులు ఇనుప కడ్డీలు మోస్తున్నారు.' దాని కింద మూడు వాక్యాలు రాయాలి. పై వాక్యం చదివినవాడు నిజమని ఒప్పుకుని తీరాల్సింది ఒకటి, అబద్ధమని తేల్చాల్సింది ఒకటి, ఎటూ చెప్పలేనిది ఒకటి. ఇలాంటివి వేలకు వేలు పోగుచేసి యంత్రానికి నూరిపోస్తే, ఒక మాటలోంచి ఇంకో మాట వస్తుందో రాదో అది నేర్చుకుంటుందని ఆశ. పక్క వరసలోని వాళ్లు పేరాలు చదివి ప్రశ్నలు, జవాబులు రాస్తారు. జవాబు పేరాలో ఉండాలి, రాసినవాళ్ల బుర్రలో ఉంటే చెల్లదు. ఇదంతా మానవాళి భవిష్యత్తు అని గోడ మీద పోస్టరొకటి చెబుతుంది. వానాకాలంలో ఆ పోస్టరు కిందే గొడుగులు ఆరేసుకుంటారు.

ఈ వాక్యాల సరుకు తీసుకునే కంపెనీ ఒక గుడ్డి పరీక్ష పెడుతుంది. పై వాక్యం దాచేసి, కింది వాక్యం ఒక్కటే యంత్రానికి చూపించి, నిజమా, అబద్ధమా, చెప్పలేమా అని అడుగుతుంది. ప్రశ్న చూపించకుండా జవాబు చెప్పమన్నట్టే. సరుకు సవ్యంగా ఉంటే యంత్రం తెల్లమొహం వేయాలి. ఏదో గాలివాటంగా నూటికి ముప్పై మూడో ముప్పై ఐదో సరిగ్గా చెప్పాలి. ఇక్కడ అరవై ఏడు చెప్పింది. వాక్యాలు తమ గుట్టు తామే బయటపెట్టుకుంటున్నాయన్నమాట. యంత్రం చదవడం నేర్వలేదు, కాపీ కొట్టడం నేర్చింది.

"ఆరింటికి వాళ్లతో కాల్ ఉంది. ఎందుకిలా అయిందో, ఎవరి వల్ల అయిందో చెప్పమంటున్నారు. చెప్పకపోతే ప్రాజెక్టు ఇంకో ఆఫీసుకి పోతుంది" అన్నాడు మేనేజరు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఎవరి వల్లో నాకు దాదాపు తేలిపోయింది. ఫైలు ఫైలుగా పరీక్ష పెట్టా. మిగతావాళ్లవి అరవై అటూ ఇటూ. ఒక్కళ్లది ఎనభై ఒకటి. పైగా అందరికంటే ఎక్కువ రాసింది కూడా ఆవిడే."

"ఎవరిది?"

"మీ ఇంటి మనిషిదే."

మేనేజరు సొరుగులోంచి ఒక కాగితం తీశాడు.

"ఇవాళ్టితో మూడు నెలల ట్రయల్ అయిపోతుంది కదా. పర్మనెంటు లెటరు ఇదిగో, టైపై రెడీగా ఉంది. ఇంక సంతకం పెట్టలేను. ఆవిణ్ని తీసేశామంటే వాళ్లూ చల్లబడతారు."

"ఐదున్నర దాకా ఆగండి. నేను చూసి చెబుతాను."

"ఐదున్నరకే మేడం. ఐదూ ముప్పై ఒకటికి మెయిల్ వెళ్లిపోతుంది."

ఆ ఇంటి మనిషి ఆధారమక్క తోడికోడలు. మొదటిరోజు "మా ఇంటి చిన్నకోడలు" అని పరిచయం చేస్తే, గది మొత్తం ఆవిణ్ని చిన్నకోడలనే పిలవడం మొదలుపెట్టింది. ఇద్దరిదీ ఒకే ఇల్లు, పై వాటా ఒకరిది, కింది వాటా ఒకరిది. డాబా మీద బట్టలారేసే తీగ దగ్గర ఇరవై రెండేళ్లుగా యుద్ధం. చిన్నకోడలు పదిహేనేళ్లు భర్త కుట్టుమిషన్ల రిపేరు షాపులో స్క్రూలు ఏరి సైజు ప్రకారం డబ్బాల్లో వేసింది. ఒకరోజు తీగ దగ్గరే, చేతిలో తడి దుప్పటితో, "అక్కా, మీ ఆఫీసులో నాక్కూడా ఏదన్నా ఉంటే చూడండి. ఇంకో స్క్రూ చూశానంటే మింగేస్తా" అంది. ఆధారమక్క చూసింది. ఆ లెటరు మీద సంతకం పడకపోతే సోమవారం పొద్దున చిన్నకోడలు మళ్లీ డబ్బాల ముందు కూర్చుంటుంది. ఈసారి మొగుడు "నేను ముందే చెప్పలా" అని దీర్ఘం తీస్తుండగా.

ఆధారమక్క సంగతి వేరు. ఈ ఉద్యోగానికి ముందు పందొమ్మిదేళ్లు కోర్టులో సాక్షుల వాంగ్మూలాలు టైపు చేసింది. చేరిన కొత్తలో ఒక సాక్షి "గొడవ విన్నాను" అంటే, "గొడవ చూశాను" అని టైపు చేసేసింది. జడ్జి గారు కళ్లజోడు తీసి, "అమ్మా, సాక్షివి నువ్వా, అతనా?" అన్నారు. ఆ మాట ఆవిడ ఒంటికి అంటుకుపోయింది. ఇంట్లో భర్త "కూరలో ఉప్పు తగ్గింది" అంటే "తగ్గిందా, మీకు తగ్గినట్టనిపించిందా?" అని అడిగేదాకా పోయింది. కోర్టులో రికార్డింగు యంత్రాలొచ్చి టైపిస్టుల్ని ఇంటికి పంపాక, ఆ పట్టుదల ఇక్కడ పనికొచ్చింది. ఎనిమిదేళ్లుగా ఈ గదిలోకి వచ్చిన ప్రతివాళ్లకూ పని నేర్పింది ఆవిడే.

స్టూలు లాక్కుని తోడికోడలి పక్కన కూర్చుంది.

"నీ అబద్ధాలన్నీ తియ్యి."

"ఇంట్లో చెప్పినవా, ఇక్కడ రాసినవా అక్కా?"

"నవ్వులాట కాదు. తియ్యి."

చిన్నకోడలు మొహంలో నవ్వు పోయింది. అబద్ధపు వాక్యాలు రెండు వేల చిల్లర తెర మీద పరుచుకున్నాయి. విడివిడిగా చూస్తే ఒక్కదానికీ వంక పెట్టడానికి లేదు. ఆధారమక్క పైనుంచి కిందికి, మళ్లీ కిందినుంచి పైకి చదివింది. మూడుంబావు అయింది. అప్పుడు, "చివరి మాట ప్రకారం వరస పెట్టు" అంది.

వరస మారింది. మన వాక్యంలో మనిషి ఏం చేస్తున్నాడో చివర్లోనే కదా తెలిసేది. తెర మీద ఒకే మాట పేజీలకు పేజీలు కిందికి జారింది. నిద్రపోతున్నాడు. నిద్రపోతున్నాడు. నిద్రపోతోంది. నిద్రపోతున్నారు.

"ఏమిటే ఇది! వంటవాడు నిద్రపోతున్నాడు. పోస్ట్‌మ్యాన్ నిద్రపోతున్నాడు. ఆఖరికి గుర్రం కూడా నిద్రపోతోంది. నీకు నిద్ర తప్ప ఇంకో అబద్ధం దొరకలేదా?"

"దొరికింది కదా, కిందికి చూడండి. సెలవులో ఉన్నారు, కుర్చీలో కూర్చున్నారు, టీ తాగుతున్నారు."

"అన్నీ ఒకటేనే తల్లీ! అందుకే యంత్రం పై వాక్యం చూడటమే మానేసింది. ఎవడైనా నడుం వాల్చాడంటే చాలు, అబద్ధం అనేస్తోంది. నువ్వు దానికి చిట్టీ రాసిచ్చావు."

"నేనా?" చిన్నకోడలు కుర్చీ ఇటు తిప్పింది. "మీరు నేర్పినట్టే రాశాను అక్కా. అక్షరం తప్పకుండా."

"నేను నిద్రపొమ్మని ఎక్కడ నేర్పాను? ఆధారం ఏది?"

చిన్నకోడలు సొరుగు లాగింది. అందులోంచి లామినేషన్ చేసిన కాగితం ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. కొత్తగా చేరినవాళ్లకు ఆధారమక్క ఇచ్చే నమూనా కాగితం అది. నలభై ఉదాహరణలు, నెత్తిన ఒక సూత్రం. 'అబద్ధం రాయడానికి సులువైన దారి: పని చేస్తున్న మనిషి చేత ఆ పని మాన్పించు.'

ఆధారమక్క తను రాసినదాన్ని ఎవరో రాసినట్టు చదివింది. కార్మికులు కడ్డీలు మోస్తున్నారు. అబద్ధం, కార్మికులు నీడన నిద్రపోతున్నారు. నర్సు సూది మందు ఇస్తోంది. అబద్ధం, నర్సు సెలవు పెట్టి ఇంట్లో ఉంది. డ్రైవరు బస్సు నడుపుతున్నాడు; అబద్ధం, డ్రైవరు పడుకున్నాడు. ఒకామె బట్టలు ఉతుకుతోంది; అబద్ధం, ఆమె కాళ్లు చాపుకుని టీ తాగుతోంది. నలభైలో అబద్ధాలు పదమూడు. వాటిలో పదకొండింట్లో ఎవరో ఒకరు తీరిగ్గా ఉన్నారు.

ఇక్కడ కథకులకు చెయ్యి దురద పెడుతుంది. ఆవిడ భర్త నీళ్ల ఆఫీసులో వాల్వులు తిప్పే మనిషి, తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరతాడు. అతనికంటే ముందు లేచేదీ, ఇంట్లో అందరికంటే చివర పడుకునేదీ ఆవిడే. కాబట్టి ఆ విశ్రాంతి అంతా ఆవిడ కోరికే, అదే కాగితంలోకి కారిందని రాసి ఒక నిట్టూర్పు విడవచ్చు. ఆవిడ వినుంటే ఏమడిగేదో మీకు ఈపాటికి తెలుసు.

గబగబా మరో నలుగురి ఫైళ్లు తెరిచి వరస పెట్టించింది. అన్నింట్లోనూ అదే నిద్ర, కాకపోతే కాస్త పలచగా. మిగతావాళ్లు నాలుగు రోజులకే కాగితం పారేసి తోచింది కలిపి రాసుకున్నారు. వాళ్ల బద్ధకం వాళ్లను కాపాడింది. చిన్నకోడలు మాత్రం చెప్పింది చెప్పినట్టు చేసింది. గదిలో అందరికంటే మంచి శిష్యురాలు కాబట్టే అందరికంటే చెడ్డ మార్కు.

నాలుగూ యాభై.

ఆధారమక్క తన బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుంది. నమూనా కాగితం అసలు ఫైలు ఆవిడ కంప్యూటరులోనే ఉంది, ఆవిడ తప్ప ఎవరూ తెరవలేరు. పదకొండు వాక్యాలు మార్చడానికి పది నిమిషాలు చాలు. మేనేజరు ఎన్నడూ దాన్ని చదివిన పాపాన పోలేదు. ఫైలు తెరిచింది. తెరిచి, వేళ్లు మీటల మీద పెట్టి, అలాగే ఉండిపోయింది. నేర్పే కుర్చీ పోతే ఈ గదిలో తను ఎవరు? పద్నాలుగు మందిలో పదిహేనో మనిషి.

"మార్చేస్తారా?" వెనక నిలబడి ఉంది చిన్నకోడలు.

"మారుస్తానని ఎక్కడ రాసుంది?"

"మీ మొహం మీద."

ఆధారమక్క తిరిగి చూడలేదు. చిన్నకోడలు లామినేషన్ కాగితాన్ని మీటల పక్కన పెట్టింది. "ఇది మీదే, ఉంచుకోండి. చింపుదామన్నా చిరగదు, గట్టిగా చేయించాను. నేను నీళ్లు తాగొస్తా."

వెళ్లింది. నీళ్ల దగ్గరకు అర నిమిషం దూరం. చాలాసేపటిదాకా తిరిగి రాలేదు.

ఐదూ ఇరవై ఎనిమిదికి ఆధారమక్క గాజు గది తలుపు తట్టింది. మేనేజరు తెర మీద మెయిల్ తయారుగా ఉంది. మొదటి వరసలోనే చిన్నకోడలి ఉద్యోగి నంబరు.

"ఆవిడేనా మేడం?"

"ఆధారం ఏది?"

"ఎనభై ఒకటి! ఇంకేం కావాలండీ?"

"ఆవిడ ఫైలుకి ఎనభై ఒకటి వచ్చిందన్నది నిజం. ఆవిడ వల్లే వచ్చిందన్నది ఆ అంకెలో లేదు." కాగితం అతని ముందు పెట్టింది. "ఇందులో ఉంది. రాసింది నేను. కింద సంతకం కూడా నాదే."

అతను చదివాడు. ఐదో ఉదాహరణ దగ్గర పెదవి కొరుక్కున్నాడు. పదో దాని దగ్గర కుర్చీలోంచి లేచాడు.

"ఇది మన మిగతా రెండు ఆఫీసులక్కూడా పంపించాం కదా?"

"పంపించాం. మీరే మెచ్చుకుంటూ పంపారు."

"అయ్యో దేవుడా." గోడ గడియారం వైపు చూశాడు. "మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు."

"ఆవిణ్ని పంపించేసినా వచ్చే నెల మళ్లీ అరవై ఏడే వచ్చేది. అప్పుడు ఎవర్ని పంపిస్తారు?"

దీన్ని త్యాగమని ఎవరైనా అంటే ఆవిడకు కోపం వస్తుంది. అంకె తగ్గే దారి అదొక్కటే, అంతే.

కాల్ నలభై నిమిషాలు సాగింది. గది గదంతా బ్యాగులు భుజాన వేసుకుని గాజులోంచి చూస్తూ నిలబడింది. మేనేజరు పెదాలు కదులుతున్నాయి, మాట వినబడదు. ఒకసారి కాగితం ఎత్తి కెమెరాకు చూపించాడు. ఒకసారి తల దించుకున్నాడు. చిన్నకోడలు బ్యాగు జిప్పు తీసి మూస్తూ, తీసి మూస్తూ ఉంది.

"ఆ జిప్పు నీకేం పాపం చేసిందే?" అంది ఆధారమక్క, అటే చూస్తూ.

"దానికి ట్రయల్ అయిపోయింది అక్కా" అంది చిన్నకోడలు. ఇద్దరూ నవ్వలేదు.

అతను బయటకొచ్చి చెప్పింది నాలుగు ముక్కలు. ప్రాజెక్టు ఉంటుంది. మూడు వారాల్లో అబద్ధాలన్నీ తిరిగి రాయాలి. ఇకనుంచి నమూనా కాగితం ఒక్క చేత్తో కాదు, నలుగురు కలిసి తయారు చేయాలి. పాతది రాసినవాళ్లు ఎవరికీ పని నేర్పకూడదు, వాళ్ల వాక్యాలను ఇంకొకరు చూశాకే పంపాలి. చిన్నకోడలి లెటరు మీద నిలబడే సంతకం పెట్టాడు. తర్వాత ఆధారమక్క కళ్లలోకి చూడకుండా, "మీ వాక్యాలు ఆవిడ చూస్తారు మేడం. మీ చెయ్యి ఎటు పోతుందో ఆవిడకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు" అన్నాడు.

సోమవారం పొద్దున ఆధారమక్క వరసలో చివరి కంప్యూటరు దగ్గర కూర్చుంది. ఈసారి స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నది చిన్నకోడలు. మొదటి వాక్యం వచ్చింది: 'ఒక స్త్రీ కంప్యూటరు ముందు కూర్చుని టైపు చేస్తోంది.'

"అబద్ధం రాయండి అక్కా. ఎవరూ పడుకోకూడదు, ముందే చెబుతున్నా."

"నాకు చెప్పొచ్చావు." ఆధారమక్క 'ఆ స్త్రీ ని' దాకా కొట్టి ఆగింది. ఆ 'ని' చెరిపేసింది. చాలాసేపు ఆలోచించి రాసింది: 'ఆ స్త్రీ మైదానంలో పరుగెడుతోంది.'

చిన్నకోడలు చదివి తలూపింది. తర్వాత ఉండబట్టలేక అడిగింది. "ఎక్కడికక్కా, ఈ వయసులో అంత పరుగు?"

"వాక్యంలో లేదు" అంది ఆధారమక్క. "చెప్పలేం."