కాస్ డుజిక్ నోటి చలవ

కాస్ డుజిక్ మెచ్చుకున్న ఆటగాడు బాగుపడిన దాఖలా మిల్వాకీ ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. ఒక పొడుగువాణ్ణి చూసి "వీడు మన టీముకి పదేళ్లు గోడలా నిలబడతాడు" అన్నాడు. ఆ గోడ మొదటి చలికాలానికే మోకాళ్లు పట్టేసి కూలింది. ఇంకొకణ్ణి చూసి "వీడి చేతిలో బంతుంటే నేను నిశ్చింతగా లేచి బీరు తెచ్చుకుంటాను" అన్నాడు. ఆ కుర్రవాడికి ఇంటి మీద బెంగ పుట్టి, సముద్రం దాటి వెనక్కి వెళ్లిపోయి, తండ్రి ఆవుల్ని చూసుకుంటున్నాడు. మూడోవాడు ఆట మానేసి పాటలు పాడటం మొదలెట్టాడు. ఆ పాటలు కూడా బాగుండవు.

బతుకుతెరువు మాటకొస్తే, ఆయన ఇళ్లు వెచ్చబెట్టే ఫర్నేసులు బాగుచేసేవాడు. దక్షిణం వైపు వీధుల్లో ఆయన చేయి పడిన ఫర్నేసులు ఇప్పటికీ గుర్రుమంటూ పనిచేస్తున్నాయి. ఆయనే లేడు. ఇనుముతో అంత చక్కగా మాట్లాడగలిగిన మనిషికి బాస్కెట్‌బాల్ కుర్రాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఏమయ్యేదో దేవుడికే తెలియాలి. ప్రతివాడూ నచ్చేవాడు. నచ్చినవాడల్లా చెడిపోయేవాడు.

శుక్రవారం సాయంత్రమైతే ఆయన చోటు రోసెల్లా బార్లో కిటికీ పక్క బల్ల. శుక్రవారమంటే ఆ ఊళ్లో చేపల వేపుడు; పక్కన బంగాళాదుంప అట్లు, యాపిల్ గుజ్జు, రై రొట్టె. ఆ బల్ల దగ్గర పాతికేళ్లుగా ఆయనకు ఎదురుకూర్చునేవాడు వెండెల్ ఆష్బీ, సిటీ బస్సు నడిపి రిటైరైనవాడు. వెండెల్ మెచ్చినవాళ్లలో ఇద్దరు ముగ్గురు నిజంగానే పైకొచ్చారు. వాళ్లను కన్నది తనే అన్నట్టు తిరిగేవాడు.

ఆ బల్లకి ఒక ఆచారం ఉంది. ఏటా జూన్‌లో టీములన్నీ వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ జరుగుతుంది కదా, దానికి ముందు వచ్చే శుక్రవారం ఒక్కొక్కరూ ఫోర్కు చేతబట్టుకుని లేచి నిలబడాలి. మన టీము ఎవర్ని తీసుకోవాలో పేరు చెప్పాలి. చెప్పాక ఆ కుర్రవాడు ఇక నీవాడు. వాడు ఆడినన్నాళ్లూ వాడి తప్పులకు నువ్వే జవాబు చెప్పాలి. వాడు బంతి జారవిడిస్తే నీ వంక చూస్తారు. ఒకరు నిలబడ్డ కుర్రవాడి కోసం ఇంకొకరు నిలబడకూడదు. అందరికన్నా ముందు నిలబడాల్సింది మాత్రం కాస్. అది గౌరవం అనుకునేరు. ఆయన ఎవర్ని ముంచబోతున్నాడో తెలిస్తే మిగతావాళ్లు జాగ్రత్తపడతారని.

ఆ ఏడు జూన్‌లో మాత్రం సంగతి నవ్వులాటగా లేదు. డ్రాఫ్ట్‌కి పేరిచ్చిన వాళ్లలో డోరియన్ ప్రూయిట్ ఉన్నాడు.

డోరియన్ కాస్ పక్కింటివాడు. రెండిళ్ల వెనకా ఉన్న సందులో, కాస్ గ్యారేజీ తలుపు మీద బిగించిన రింగులోనే వాడు బంతి వేయడం నేర్చుకున్నాడు. వేసింది వేసినట్టు రింగులో పడని రోజుల్లో ప్రతి బంతీ గ్యారేజీ తలుపుకి తగిలేది. ఇంట్లో సూపు తాగుతూ కాస్ ఆ చప్పుడు వింటూ కూర్చునేవాడు. మంచు కురిసిన పొద్దున కారు సంగతి తర్వాత, ముందు రింగు కింద మంచు ఎత్తిపోసేవాడు. వాడు ఎక్కడో చిన్న కాలేజీలో ఆడి, పేపర్లలో ఒకటి రెండుసార్లు పేరు పడి, రెండో రౌండులో ఏ టీమైనా తీసుకుంటే తీసుకోవచ్చు అన్నంత వరకూ వచ్చాడు. రెండో రౌండంటే డ్రాఫ్ట్ రెండోరోజు సాయంత్రం. అప్పటికి అక్కడి హాల్లో కుర్చీలు సగం ఖాళీ అయి ఉంటాయి.

ఆ శుక్రవారానికి ముందురోజు డోరియన్ తల్లి ఒడెస్సా, పీచ్ పళ్లతో చేసిన తీపి వంటకం ఒక పళ్లెం నిండా పట్టుకుని కాస్ ఇంటి వెనకమెట్లు ఎక్కింది. ఆమె ఆసుపత్రిలో రోగుల్ని చూసుకునే పని చేసి అప్పుడే వచ్చింది.

"మిస్టర్ కాస్, నేను ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే మనిషిని" అంది.

"తెలుసు కదమ్మా."

"దిష్టులూ గిష్టులూ నమ్మను."

"నమ్మవు."

"రేపు మీరు నా కొడుకు కోసం నిలబడొద్దు."

కాస్ పళ్లెం వంక చూశాడు. "ఇందుకా ఇది?"

"అందుకే. వాడికి ఇది ఒక్కటే అవకాశం, మిస్టర్ కాస్. మీకు వాడంటే ఎంత ప్రేమో నాకు తెలుసు. అదే నా భయం. మీ ప్రేమ తగిలినవాళ్లు ఒక్కరూ మిగల్లేదు."

"ఆ పాడేవాడు మిగిలాడు."

"వాడి పాట విన్నాను" అంది ఒడెస్సా. "మాటివ్వండి."

కాస్ మాటిచ్చాడు. ఆమె మెట్లు దిగాక చాలాసేపు ఆ పళ్లెం మూత తీయలేదు.

మర్నాడు బార్లో అందరి కళ్లూ ఆయన మీదే. రోసెల్లా కూడా చేపల మంట తగ్గించి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కాస్ లేచాడు. ఫోర్కు ఎత్తాడు. లిథువేనియా నుంచి వచ్చిన ఒక ఏడడుగుల కుర్రవాడి పేరు చెప్పబోయి, సగంలో నాలుక మడతపడి, "ఆ పొడుగాయన" అని కూర్చున్నాడు.

"అతని ఆట ఎప్పుడైనా చూశావురా?" అన్నాడు వెండెల్.

"ఫొటో చూశాను."

"ఫొటోలో ఏం చేస్తున్నాడు?"

"నిలబడ్డాడు. బాగా నిలబడ్డాడు."

బల్లంతా ఊపిరి తీసుకుంది. రోసెల్లా సిలువ గుర్తు వేసుకుని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. అప్పుడు వెండెల్ తీరిగ్గా మూతి తుడుచుకుని లేచి, "నేను డోరియన్ ప్రూయిట్ కోసం నిలబడుతున్నాను. నా చేయి మంచిది, మీకందరికీ తెలుసు" అన్నాడు. తెలుసన్నట్టు అందరూ బల్ల మీద తట్టారు. కాస్ కూడా తట్టాడు. కానీ ఆయన చేయి బల్లకి తగిలిన చప్పుడు రాలేదు.

అంతలో తలుపు తోసుకుని డోరియనే వచ్చాడు, తల్లి కోసం చేపల పొట్లం కట్టించుకుపోదామని. తల ద్వారబంధానికి తగలకుండా వంగి లోపలికొచ్చి, చేతుల్లో ఫోర్కులున్న ముసలివాళ్లను చూసి ఆగిపోయాడు.

"అయిపోయిందా? నాకోసం ఎవరు నిలబడ్డారు?" అన్నాడు.

"నేనే బాబూ. ఇక నీకు తిరుగులేదు" అన్నాడు వెండెల్.

"మిస్టర్ కాస్ ఎవరికోసం?"

కాస్ యాపిల్ గుజ్జులో చెంచా తిప్పుతూ ఉన్నాడు.

"ఆ పొడుగాయన" అన్నాడు చివరికి.

డోరియన్‌కి విషయం అర్థమైంది. ఆ వీధిలో పుట్టినవాడు, కాస్ నోటి సంగతి వాడికి తెలియందేం కాదు. కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాడు. మోకాళ్లు బల్లకింద పట్టలేదు.

"అమ్మ వచ్చిందా మీ దగ్గరికి?"

"పీచ్ పళ్లు తెచ్చింది."

"అంటే మీరందరూ కలిసి, ఒక ముసలాయన నా పేరు చెప్తే పడిపోయేంత అర్భకుణ్ణని తేల్చారన్నమాట. వెధవ మంచులో మీరు రింగు కింద పార పట్టుకుని నిలబడింది నా కోసమే కదా? అప్పుడేం కాలేదే. ఇప్పుడు అందరూ చూస్తుండగా నిలబడాల్సి వచ్చేసరికి లిథువేనియా కనిపించింది మీకు." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదని రోసెల్లా తర్వాత అంది.

"మాటిచ్చాన్రా మీ అమ్మకి" అన్నాడు కాస్.

"వాడి వంతు అయిపోయింది. నిలబడ్డాక మార్చకూడదు, అది రూలు" అన్నాడు వెండెల్.

"టీములు ఆటగాళ్లను మార్చుకుంటాయి కదా. మీరిద్దరూ మార్చుకోండి" అన్నాడు డోరియన్.

ఇంతకాలంలో ఆ బల్ల దగ్గర ఆ ఆలోచన ఎవరికీ తట్టలేదు. వెండెల్ కళ్లు చిన్నవయ్యాయి. బస్సులో చిల్లర సరిగా లేనివాణ్ణి చూసే చూపు అది.

"నా డోరియన్ని ఇస్తే నాకేమిస్తావు?"

"పొడుగాయన్ని ఇస్తా."

"అతనికి ఇప్పటికే నీ దెబ్బ తగిలి ఉంటుంది. వాడిన సరుకు. ఇంకా ఏమైనా కలుపు."

"నా అట్టు."

"ఇవాళ్టిదా?"

"క్రిస్మస్ దాకా."

"కిటికీ పక్క కుర్చీ కూడా" అన్నాడు వెండెల్.

ఆ కుర్చీలో కాస్ తప్ప ఇంకొకరు కూర్చోగా ఎవరూ చూడలేదు. చలికాలంలో కాళ్లకి వేడి తగిలే చోటు అది. ఆ వేడి గొట్టం తనే బిగించాడు. కాస్ కుర్చీ చేతిని ఒకసారి రుద్ది, "తీసుకో. కానీ ముందు ఒడెస్సాని అడగాలి. ఆమె వదిలితేనే" అన్నాడు.

రోసెల్లా గోడ ఫోను అందించింది. ఇటువైపు మాటే అందరికీ వినిపించింది. "ఒడెస్సా, కాస్‌ని... వచ్చాడు, ఇక్కడే ఉన్నాడు... లేదమ్మా, చేపలు ఇంకా కట్టలేదు... వాడే అడుగుతున్నాడు. నేను కాదు, వాడే... నువ్వు వద్దంటే వద్దు." తర్వాత చాలాసేపు వింటూ ఉండిపోయాడు. ఫోను పెట్టేసి వచ్చాడు.

"ఏమంది?" అన్నాడు డోరియన్.

"నిలబడితే సరిగ్గా నిలబడమంది. గొణగొద్దంది."

కాస్ లేచాడు. ఈసారి ఫోర్కు తీసుకోవడం మర్చిపోయాడు. "డోరియన్ ప్రూయిట్" అన్నాడు, వంటింట్లోకి వినబడేలా. "ఎడమచేయి బలహీనం. అడుగు నెమ్మది. ఆ సంగతి వాడికీ తెలుసు. పొమ్మన్నా పోడు, చీకటిపడ్డా పోడు, నా తలుపు సొట్టలు పడిపోయినా పోలేదు. వీడు నావాడు." కూర్చోబోయి, తన కుర్చీలో అప్పటికే వెండెల్ ఉండటం చూసి, పక్కకి జరిగాడు.

డ్రాఫ్ట్ మొదటిరోజు రాత్రి ఆ లిథువేనియా పొడుగాయన్ని ఒక టీము ముందు వరసలోనే ఎగరేసుకుపోయింది. వెండెల్ సంబరానికి అంతులేదు. "చూశావా, నీ చేతిలోంచి నా చేతిలోకి వచ్చీరాగానే" అన్నాడు.

రెండోరోజు బార్లో టీవీ ముందు అందరూ చేరారు. డోరియన్ రాలేదు, ఇంట్లో తల్లి దగ్గరే ఉన్నాడు. బయట ఇంకా ఎండ ఉంది. ఒక్కో పేరూ చదువుతున్నారు. మన టీము వంతు వచ్చింది. ఎవరో ఎడారి రాష్ట్రం కుర్రవాణ్ణి పిలిచారు. పరవాలేదు, ఇంకా టీములున్నాయి అన్నారు. ఆ టీములూ అయిపోయాయి. చివరి పేరు చదివేశాక ప్రకటనలు మొదలయ్యాయి. రోసెల్లా టీవీ గొంతు తగ్గించింది.

కాస్ టోపీ చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు.

ముందు నోరు విప్పింది వెండెలే. ఎన్నేళ్లుగానో ఆ నోటిని ఎగతాళి చేసిన మనిషి ముందుకు వంగి, "ఒరే, నీవల్ల కాదు. వింటున్నావా? అదంతా మన సరదా. నీ నోట్లో ఏ మహిమా లేదు" అన్నాడు.

"ఉంది" అన్నాడు కాస్.

"లేదురా. మోకాళ్లు పట్టేయడం నీవల్లా? ఆవులు నీవల్లా?"

"నావల్లే" అన్నాడు కాస్, ముఖం ఎర్రబడింది. "అన్నీ నావల్లే. ఆ పాటలు కూడా."

"కాస్—"

"నావల్ల కాకపోతే ఎవరివల్ల? వాడి ఎడమచేతివల్లనా? అడుగువల్లనా? అదా నువ్వు చెప్పదలచుకుంది?" ఆయన బల్ల చుట్టూ ఒక్కొక్కరినీ చూశాడు. "ఇన్నేళ్లూ మీరే అన్నారు, నేను నిలబడితే ఎంతవాడైనా పోతాడని. ఇప్పుడు మాట మారిస్తే ఊరుకోను."

వెండెల్ కాసేపు ఆయన వంక చూశాడు. తర్వాత వెనక్కి ఆనుకుని, "ఎంతవాడైనా" అన్నాడు మెల్లగా. "నీ దెబ్బ మామూలుది కాదు. నేను ఇచ్చుండాల్సింది కాదు వాణ్ణి." మిగతావాళ్లు ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు. తప్పు కాస్‌దే. మొదట్నించీ కాస్‌దే. నోటికి తాళం వేయించాలి. రోసెల్లా కూడా వచ్చి ఒక తిట్టు తిట్టింది. కాస్ ఒక్కో తిట్టుకీ తలూపుతూ కూర్చుని, టోపీ పెట్టుకుని లేచాడు.

ఒడెస్సా ఇంటి ముందుతలుపు తెరిచే ఉంది, తెర తలుపు మాత్రం వేసి ఉంది. లోపల దీపం వెయ్యలేదు. ఆమె గుమ్మంలోకి వచ్చింది. ఏడ్చిన ముఖం కాదు, ఏడవకుండా పట్టుకున్న ముఖం.

"నేనే చేశాను, ఒడెస్సా" అన్నాడు కాస్ మెట్ల కింద నిలబడి. "నువ్వు చెప్పావు, నేను వినలేదు. నేను నిలబడకపోతే వాణ్ణి తీసుకునేవాళ్లు."

ఒడెస్సా తెరలోంచి ఆయన్ని చూసింది. వెనక్కి, చీకటిగదిలోకి ఒకసారి తిరిగి చూసింది. మళ్లీ ఆయన వైపు తిరిగి, ఇల్లంతా వినబడేంత గొంతుతో అంది:

"అవును, మీరే చేశారు. నా కొడుకులో ఏ లోపమూ లేదు. అంతా మీ నోటి చలవ, మిస్టర్ కాస్. నేను ఇక్కడ నిలబెట్టి నాలుగు మాటలు అనకుండా వదలను."

"అను" అన్నాడు కాస్, టోపీ తీసి.

లోపల కుర్చీ కదిలింది.

"అమ్మా" అన్నాడు డోరియన్. "ఆయన్ని కూర్చోబెట్టి తిట్టు."

ఒడెస్సా తెర తలుపు తీసి పట్టుకుంది.