ప్రళయానికి ముందురోజు బిర్యానీ

2008 సెప్టెంబరులో ఒక బుధవారం నాడు ప్రపంచం అంతం కాబోతోందని తెనాలిలో సగం మందికి టీవీ చెప్పింది. మిగతా సగం మందికి నేను చెప్పానని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. అందులో కొంత నిజం ఉంది. ఆ కొంత కూడా టీవీవాళ్ళ పుణ్యమే.

అప్పుడు నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. విషయం క్వార్క్-గ్లువాన్ ప్లాస్మా. ఆ పేరు వినగానే పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు టీ సగంలో వదిలేసి లేచేవారు గానీ, అంత జడుసుకోవలసిందేమీ లేదు. పరమాణువు నడిబొడ్డులో ప్రోటాన్లుంటాయి. ఒక్కో ప్రోటాన్‌లో మూడు క్వార్కులు, వాటిని కట్టిపడేసే గ్లువాన్లు. గ్లువాన్ అన్న మాట బంక నుంచి పుట్టిందే. రెండు క్వార్కుల్ని విడదీయబోతే ఆ బంక సాగుతుందే తప్ప వదలదు, వాటిని ఎంత దూరం లాగితే అంత గట్టిగా వెనక్కి లాగుతుంది. అందుకే ఒంటరి క్వార్కును ఇంతవరకూ ఎవరూ చూడలేదు. అయితే బరువైన కేంద్రకాలు రెంటిని మహావేగంతో ఎదురెదురుగా గుద్దిస్తే, సూర్యుడి నడిబొడ్డు కన్నా లక్ష రెట్లు వేడి పుట్టి, కట్లు తెగి, అన్నీ కలిసి ఒక పులుసులా అవుతాయి. సృష్టి పుట్టిన తొలి క్షణంలో ఉన్నది ఆ పులుసేనని మా నమ్మకం. ఈ గుద్దుళ్ళ కోసమే యూరప్‌లో భూమి కింద ఇరవై ఏడు కిలోమీటర్ల గుండ్రటి సొరంగంలో యంత్రం కట్టారు. అందులో సీసం కేంద్రకాలు గుద్దుకుని చిందిన ముక్కల్ని చూసి, పులుసు ఎటు ఎలా పారిందో లెక్కగట్టడం నా పని. గుద్దుడు జరగందే నాకు పట్టా రాదు.

ఎంత దూరం పోతే అంత గట్టిగా లాగడమన్నది మా ఇంట్లో మాత్రం పనిచేయలేదు. నాన్నకు ఒక్కడే తమ్ముడు, మాకు చాచా. రేపల్లెలో ఉండి పెళ్ళిళ్ళకు బిర్యానీ వండేవారు. కొన్నేళ్ళ కిందట బాపట్లలో ఒక బంధువుల నిఖా భోజనాల్లో, నాన్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, పంక్తి అంతా వినేలా, "ఇది బిర్యానీయా, జావా?" అన్నారు. వండింది చాచా. గరిటె అక్కడే పడేసి బస్సెక్కి వెళ్ళిపోయారు. అంతే, మాటలు పోయాయి. రేపల్లె నుంచి తెనాలికి పాసింజరు బండిలో వచ్చిపోయేవాళ్ళు రోజూ ఎందరో, చాచా తప్ప. రంజాన్ పండగ పొద్దున ఫోను మోగినప్పుడల్లా నాన్న పేపరు దించి చూసేవారు. చాచా కాదని తెలియగానే మళ్ళీ పేపరు ఎత్తుకునేవారు. తానే ఒక ఫోను కొట్టొచ్చుగా అంటే, "పెద్దవాణ్ణి నేనా, వాడా?" అనేవారు. పెద్దవాళ్ళు ముందు తగ్గకూడదన్న సూత్రాన్ని ఎవరు కనిపెట్టారో గానీ, దానికి రుజువు ఇంతవరకూ నాకు దొరకలేదు.

ఆ యేడు రంజాన్ రోజాల నెలలోనే యంత్రం మొదలుపెడుతున్నారు. నేను ఇంట్లో ఉన్నానని తెలిసి కేబుల్ టీవీ విలేకరి ఒకాయన కెమెరాతో దిగాడు.

"బ్లాక్‌హోల్ పుట్టి భూమిని మింగేస్తదంటున్నారు మేడం, నిజమేనాండి?"

"లేదండి. బుధవారం అసలు గుద్దుడే లేదు. కణాల్ని సొరంగంలో ఊరికే తిప్పి చూస్తారు, అంతే."

"తర్వాతైనా, నూటికి నూరు శాతం ఏమీ కాదంటారా?"

ఇక్కడ అవునండి అని ఊరుకోవాలి. బుద్ధున్నవాళ్ళెవరైనా ఊరుకుంటారు. కానీ ఫిజిక్సు చదివినవాళ్ళ నోట పూర్తి సున్నా అన్న మాట రాదు, అదొక రోగం. "సైన్సులో నూటికి నూరని ఉండదండి. అవకాశం లెక్కలోకి రానంత తక్కువ," అన్నాను. సాయంత్రానికల్లా టీవీ తెర అడుగున ఎర్రక్షరాలు పరిగెత్తాయి: ఏమీ కాదని చెప్పలేం, తెనాలి శాస్త్రవేత్త.

మర్నాటి నుంచి వీధిలో తలెత్తుకోలేకపోయాను. ఎదురింటి పిల్లలు హోంవర్కు బుధవారం దాటాక చూద్దామన్నారు. కొల్లూరు నుంచి అరటిపళ్ళు తెచ్చే ఆయన గుమ్మంలో నిలబడి, "నీ దయవల్ల కాయలు ఎవరూ కొనట్లేదమ్మా. పండేదాకా ఉంటామో లేదోనంట," అని నిష్ఠూరమాడాడు. అమ్మ, "సున్నా అంటే నీ సొమ్మేం పోయింది?" అని పూటకోసారి అడిగింది. నాన్నవాళ్ళ అమ్మ, మా దాదీ ఒక్కతే నిబ్బరంగా ఉంది. "ఖయామత్ వచ్చేది జుమ్మా రోజున, శుక్రవారం. బుధవారం ఎందుకొస్తది? పైవాడికి వారాలు తెలీవా?" అంది. ఊళ్ళో ఆ వారమంతా నేను విన్న ఒకే ఒక్క తర్కం అదే. అమ్మ పోరు పడలేక నేను కూడా అడిగినవాళ్ళందరికీ సున్నా, సున్నా అని చెప్పడం మొదలుపెట్టాను.

మంగళవారం ఇఫ్తారుకు ఇంకా కాస్త పొద్దుండగా గుమ్మంలో చాచా. చేతిలో పెద్ద స్టీలు క్యారియరు. దాదీ గబగబా కళ్ళజోడు వెతుక్కుంది. నాన్న మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నారు గానీ, చెవి మాత్రం ఇటే ఉంది. చాచా లోపలికి రాలేదు. చెప్పులతోనే నిలబడి నన్ను అడిగారు.

"టీవీలో చెప్పావంట కదమ్మా. నిజంగానే పోద్దంటావా?"

రెండు రోజులుగా అరిగిపోయిన సున్నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన కళ్ళు చూసి మింగేశాను. ఆ మనిషి రేపల్లె నుంచి ఒక సాకు మోసుకొచ్చారు. సున్నా అన్నానంటే, క్యారియరు నాకిచ్చి వచ్చిన దారినే పోతారు.

"సైన్సులో నూటికి నూరని ఉండదు చాచా," అన్నాను.

"మరింకేం," అని చెప్పులు విప్పారు.

రోజా విడిచాక క్యారియరు తెరిచారు. మెతుకు మెతుక్కి అంటని బిర్యానీ. నాన్న తిన్నారు. బాగుందని అనలేదు, బాగోలేదనీ అనలేదు. ఇల్లంతా నమిలే చప్పుడే. చివరికి నావైపు తిరిగి, "ఇంతకీ అందులో ఏం చేస్తారమ్మా?" అని అడిగారు, ఇన్నేళ్ళ నా చదువులో మొదటిసారి.

చెప్పాను. కొన్నేళ్ళ కిందట అమెరికాలో ఇంతకన్నా చిన్న యంత్రంలో బంగారం కేంద్రకాల్ని గుద్దించారని, క్వార్కులు గ్యాసులాగా దేనికది విడిగా ఎగిరిపోతాయని చాలామంది లెక్కలు వేసుకుని కూర్చున్నారని, తీరా చూస్తే అంతా కలిసికట్టుగా ద్రవంలా పారిందని. "పలుకు పలుకుగా వస్తుందనుకున్నారు, జావయింది," అని అలవాటుగా నోరు జారాను. అమ్మ కళ్ళతోనే నన్ను చంపేసింది.

చాచా చెయ్యి పళ్ళెంలో ఆగింది. "అంత పెద్దోళ్ళు, అన్ని లెక్కలేసి కూడానా?"

"అవును చాచా."

నాన్న ఇంకో ముద్ద కలుపుకున్నారు. తర్వాత, పళ్ళెంలోకి చూస్తూనే, "బాపట్లలో ఆ రోజు బియ్యం కొత్తయిలే," అన్నారు.

"కొత్తయే భయ్యా. నేను ముందే చెప్పా వాళ్ళకి, పాతయి తెప్పించమని."

"కొత్త బియ్యంతో ఎవడు వండినా అంతే."

మా నాన్న నోటివెంట క్షమాపణ అన్నది ఏ రూపంలోనైనా రావడం నేను వినడం అదే మొదలు. దాదీ ఇంకో గరిటె వడ్డించమని చిన్నకొడుకును కసిరింది. నాకు ఏడుపొచ్చింది, కారమని సర్దుకున్నాను.

బుధవారం ఏమీ కాలేదు. యంత్రం చక్కగా తిరిగింది. చాచా మధ్యాహ్నం బండికి వెళ్ళిపోయారు. వెళ్తూ మళ్ళీ ఎప్పుడు వస్తానన్నది చెప్పలేదు, నాన్న అడగలేదు. ప్రపంచం నిలబడేసరికి ఇద్దరికీ మొహమాటం తిరిగొచ్చినట్టుంది. ఆ తర్వాత ఫోను లేదు. నాన్న మళ్ళీ పేపరు దించడం, ఎత్తడం మొదలుపెట్టారు. కదిపితే కరిచేలా ఉన్నారు.

మరుసటి వారం శుక్రవారం యంత్రం చెడిపోయింది. సొరంగంలో ఏదో తీగల అతుకు పాడై, అయస్కాంతాల్ని చల్లబరిచే హీలియం బయటికి చిమ్మిందట. "చెప్పలా, జుమ్మా అని," అంది దాదీ. వీధివీధంతా నాకు శుభాకాంక్షలు చెప్పింది. నా పట్టా అక్కడ కూలబడిందని అర్థమై నేను అన్నం మానేస్తే, భూమి దక్కిందన్న సంతోషంతో ఎదురింటివాళ్ళు లడ్డూలు పంపారు.

ఆదివారం ఫోను మోగింది. నేనే తీశాను.

"ఆ మిషను పాడైందంట కదమ్మా," అన్నారు చాచా.

"అవును చాచా."

"మళ్ళీ ఎప్పుడు మొదలెడతారు?"

"ఏడాది పైనే పట్టేట్టుంది."

"అంతకాలమా," అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "ఈలోపు ఇంకేవీ లేవా? అట్టాంటివే, చిన్నయైనా?"

నాకు నవ్వు రాలేదు. మంచం మీద నుంచి నాన్న, పేపరు దించకుండానే, ఎవరని అడిగారు.

"చాచా. ఈలోపు ప్రపంచం పోయే పనేమైనా ఉందా అని అడుగుతున్నారు."

నాన్న లేచి వచ్చి నా చేతిలోంచి ఫోను లాక్కున్నారు.

"పోకపోయినా రారా," అన్నారు.