కాలు మరిచిపోయిన R

ఆ రోజుల్లో కంప్యూటర్ దగ్గరికి వెళ్లాలంటే చెప్పులు బయట విడిచి వెళ్లాలి. బేగంపేటలోని మా ఆఫీసులో ఏసీ ఉన్న గది అదొక్కటే. లోపల రెండు కంప్యూటర్లు, రెండు మెత్తటి కుర్చీలు. తిండి తినడం మాత్రం నిషేధం. ఇద్దరు గుమాస్తాలను ఒక నెల చూసి, ఒకరికి అక్కడే పర్మినెంటు సీటు ఇస్తామని మా ఆఫీసర్ గారు చెప్పారు. ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేను. రెండోవాడు నాకంటే ఆరు నెలలు చిన్న. వాడు టైపు కొడితే రేకుల మీద వడగళ్లు పడినట్టుండేది, అందుకని అందరూ టకటక అనేవారు. సీతాఫల్‌మండి నుంచి రెండు బస్సులు మారి వచ్చి, మే నెలలో పై అంతస్తు ఫ్యాను కింద ఫైళ్లు రాసినవాడికే ఆ కుర్చీ విలువ తెలుస్తుంది. (నాకు ఆ కుర్చీ కావాలి. అంతకంటే ముఖ్యం, అది వాడికి రాకూడదు. ఆనాటి డైరీలో ఈ రెండో వాక్యం కింద గీత కూడా ఉంది.)

రెండో వారంలో నా కీబోర్డు మీద R పనిచేయడం మానేసింది. చెబితే చేతకాక సాకులు వెతుకుతున్నాననుకుంటారని భయం. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఆఫీసు ఉత్తరాలన్నీ పెద్ద అక్షరాల్లోనే కొట్టేవాళ్లం కాబట్టి, R రావాల్సిన చోటల్లా P కొట్టి, ప్రింటు తీశాక నల్ల పెన్నుతో ఒక్కో P కి ఒక కాలు పెట్టేవాణ్ణి. (PAPER అనే మాటలో మూడు P లు వస్తాయి. ఏ P కి కాలు కావాలో చూసుకోవాలి.) 'సోమవారం: నూట ముప్పై రెండు కాళ్లు' అని డైరీలో రాసుకునేవాణ్ణి. టకటక మాత్రం నాలుగింటికల్లా పని ముగించి కూర్చునేవాడు. వాడికి ఉన్నవి రెండే కాళ్లు, అవీ ఒకదాని మీద ఒకటి. పైగా సార్ వాణ్ణి 'బేటా' అని పిలిచేవారు. నేను 'ఏమయ్యా'ని.

ఆఖరి వారంలో ఆఫీసు వేళల మీద ఒక సర్క్యులర్ కొట్టమన్నారు. శ్రద్ధగా కాళ్లు పెట్టుకుంటూ చివరి పంక్తికి, అంటే సార్ పేరుకు వచ్చాను. సరిగ్గా అప్పుడే అద్దం తలుపు అవతల ఆయన టకటక భుజం మీద చెయ్యేసి, తన ఫ్లాస్కులోని చాయ్ పోసిస్తున్నారు. నా కళ్లు అక్కడే ఉండిపోయాయి. ఆయన చదవకుండానే సంతకం పెట్టారు, కాగితం నోటీసు బోర్డెక్కింది. RAO ఉండాల్సిన చోట PAO. ఆయన మనిషి కాస్త పొట్టి. మధ్యాహ్నానికల్లా ఆఫీసంతటికీ పావు సార్ అయిపోయారు.

పిలుపు వచ్చింది.

"ఏందయ్యా, నన్ను పావు చేసినవ్. మిగిలిన ముప్పావు ఏడబెట్టినవ్?"

"R పనిచేస్తలేదు సార్."

"ఎప్పటిసంది?"

"పద్నాలుగు రోజులైంది సార్."

"మరి గిన్ని రోజులు ఏం జేసినవ్?"

"P కి కాళ్లు పెట్టిన సార్."

ఆయన "బేటా, జెర ఇటు రా" అని టకటకను పిలిచారు. ముగ్గురం కంప్యూటర్ గదికి వెళ్లాం. అక్కడ వాడు నా కీబోర్డును బోర్లించి, పసిపిల్ల వీపు తట్టినట్టు రెండుసార్లు తట్టాడు. బల్ల మీద ఉస్మానియా బిస్కెట్ ముక్కొకటి రాలింది. R భేషుగ్గా పడింది.

"ఈ రూములో బిస్కెట్లు ఎవరు తింటున్నరు?" అన్నారు సార్. జవాబుగా నా జేబులోని పొట్లం గరగరమంది.

కుర్చీ వాడికే వెళ్లింది. నేను పై అంతస్తు ఫ్యాను కిందికి వెళ్లాను. ఇద్దరం రిటైరయ్యాం. వాడు నేరేడ్‌మెట్ నుంచి అప్పుడప్పుడు ఫోన్ చేసి, "అన్నా, ఇంకా కాళ్లు పెడుతున్నవా?" అని నవ్వుతాడు. లేదంటాను, కానీ అది అబద్ధం. డైరీలో మనుషుల పేర్లకు ఇంగ్లీషు పొడి అక్షరాలే రాసుకోవడం నా అలవాటు. ఇప్పటికీ R రాయబోతే నా చెయ్యి ముందు P రాసి, క్షణం ఆగి, తర్వాతే కాలు పెడుతుంది. టకటక అసలు పేరు R తోనే మొదలవుతుంది. కొత్త కారు కొన్నాననో, షుగర్ తగ్గిందనో వాడు చెప్పిన రోజున ఆ కాలు పెట్టడం మరిచిపోతుంటాను. మర్నాడు పొద్దున పేజీ వెనక్కి తిప్పి, కుంటుతున్న స్నేహితుణ్ణి చూసి నవ్వొచ్చి, పెన్ను తీసి ఆ కాలు పెట్టేస్తాను.