తూము మూత

మా వదిన పోయారు. వేసవి దుక్కి దున్నుతుంటే అన్నయ్య గట్టు మీదికి వచ్చి చెయ్యి ఊపాడు. ట్రాక్టరు ఆపాను. "ఇంటికి రారా. మీ వదిన లేవట్లేదు" అన్నాడు. అన్నం తిని కాసేపు నడుం వాల్చిన మనిషి, అలాగే వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఒళ్లంతా ఒకటే అలసట. ఏడుపు కూడా సరిగ్గా రాలేదు.

నాగాయలంక దాటి సముద్రం వైపు వస్తే, కాలువ చివర మా పొలం. మీరెవరైనా ఇటు వచ్చుంటే చూసే ఉంటారు, చుట్టూ రొయ్యల చెరువులే. మధ్యలో మాదొక్కటే వరి. అది వదిన పట్టుదల. కీళ్లనొప్పులతో అన్నయ్య క్లచ్ తొక్కలేకపోతే ఆవిడే ట్రాక్టరు నేర్చుకున్నారు. చీర మీద అన్నయ్య పాత చొక్కా, నెత్తికి తువ్వాలు. మోపిదేవి గుడికి వెళ్లేటప్పుడు తప్ప ఆ చొక్కా లేకుండా నేను చూసింది తక్కువ. దుక్కి ఒక్కటే కాదు, ఇంటి ముందు మెరక తోలడం, తాగునీళ్ల డ్రమ్ములు తేవడం, గాలివానకి పడ్డ కొబ్బరిచెట్లను గొలుసేసి లాగడం, అన్నీ దాంతోనే. ఆపడం మాత్రం ఎప్పుడూ వాలులో, ముక్కు కిందికి ఉండేలా. బ్యాటరీ మీద నమ్మకం లేదు, తోస్తే కదలాలి. కొత్త బ్యాటరీ వేయించాక కూడా అంతే. "ఇది కొత్తదేగా వదినా?" అంటే, "కొత్తవాళ్లని అంత తొందరగా నమ్మకూడదబ్బాయ్. నిన్ను నమ్మడానికే నాకు చాన్నాళ్లు పట్టింది" అనేవారు.

మాకు అసలు బెడద మురుగు కాలువ. వానకి పొలంలో నిలిచిన నీళ్లు అందులోకే పోవాలి. సముద్రం పోటెత్తితే అదే దారిన ఉప్పునీళ్లు పొలంలోకి వస్తాయి. పోటుకి మట్టి బస్తాలతో గండి మూయడం, నీరు తగ్గాక మళ్లీ తీయడం, దానికి వేళాపాళా ఉండేది కాదు. ఒకసారి బస్తాలు మోసి మోసి గట్టు మీద చతికిలబడ్డారు వదిన. "మనం లేకపోయినా దానంతటది మూసుకునేది ఏదన్నా పెట్టాలి. ఇలా ఎన్నాళ్లని కాపలా కాస్తాం?" అన్నారు.

అలా తూము పని మొదలైంది. ట్రాక్టరుకి బ్లేడు తగిలించి, మట్టి తోసి, ఆవిడే అడ్డుకట్ట వేశారు. సిమెంటు గొట్టాన్ని ట్రక్కులో తెచ్చి కట్ట అడుగున దించాం. గొట్టం మూతికి పైనుంచి వేలాడే ఇనప మూత. అది కాలువ వైపు ఉండాలి, అప్పుడే పోటు నీరు దాన్ని నెట్టి మూస్తుంది. మేం పొలం వైపు పెట్టాం! బయట పెడితే పాత ఇనుముకి ఎవరో అమ్ముకుంటారని వదిన భయం. మాకూ అదే సబబుగా తోచింది. మొదటి పోటుకే ఉప్పునీరు తలుపు తోసుకున్నట్టు మూతను తోసుకుని నారుమడిలోకి వచ్చేసింది. నారంతా ఎర్రబారి పోయింది. వదిన కట్ట మీద కూర్చుని ఏడ్చారు. ఏడుస్తూనే నవ్వారు. "ఇనుం దొంగలకి భయపడి సముద్రానికి తలుపు తీశాం కదబ్బాయ్!" అన్నారు. ఆ తర్వాత గొలుసు కట్టి, ట్రాక్టరుతో గొట్టాన్ని పైకి లాగారు. "పోతే మూతే పోతుంది" అంటూ ఈసారి బయటి వైపుకి తిప్పి పెట్టించారు. ఆ మూతను ఇంతవరకూ ఎవరూ ముట్టుకోలేదు.

అప్పటి నుంచి పోటు వేళ మాలో ఎవరం కట్ట దాకా వెళ్లొచ్చినా, ఇంటి మెట్టు మీద నుంచి ఆవిడ అడిగేది ఒక్కటే. "పడిందా?" మూత పడిందా అని. మంచినీళ్లివ్వడం కూడా ఆ తర్వాతే. విసుగొచ్చి ఒకసారి, "దానంతటదే పడుతుందని మీరేగా పెట్టించారు!" అన్నాను. "పడుతుందని నాకూ తెలుసులే. పడిందని వింటే అన్నం సయిస్తుంది" అన్నారు.

పెద్దకర్మ అయిన మర్నాడు అన్నయ్య, "పొలం చెరువుకిచ్చేద్దాంరా. ఇంకెవరి కోసం?" అన్నాడు. నాకూ ఓపిక లేదు.

ఆ వారంలోనే వాన పట్టుకుంది. పైగా పోటు. కాళ్లీడ్చుకుంటూ కట్ట దగ్గరికి వెళ్లాను. కాలువలో నీరు ఎదురు తిరిగింది. మూత కాస్త ఊగి, గొట్టానికి గట్టిగా అతుక్కుంది. ఉప్పునీరు బయటే ఆగిపోయింది. అక్కడ నా అవసరమేమీ లేదు. అయినా చాలాసేపు నిలబడ్డాను. ఆవిడ ఇక లేరన్నది అప్పుడు తెలిసొచ్చి, కన్నీళ్లు ఆగలేదు.

తిరిగొచ్చేసరికి మెట్టు మీద, వదిన కూర్చునే చోట, అన్నయ్య ఉన్నాడు. ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగని మనిషి తలెత్తి అడిగాడు.

"పడిందా?"

"పడింది అన్నయ్యా."

"అయితే విత్తనాలు నానబెట్టు" అన్నాడు. చూరు నీళ్లు కాళ్ల మీద పడుతున్నా వెనక్కి తీసుకోకుండా, అక్కడే కూర్చున్నాడు.