ఇంజిన్‌కి నేతి పసుపు

కారును పాడుచేయాలంటే దేనికైనా గుద్దాలి, లేదా నీళ్ళలో ముంచాలి. ఆ రెండూ చేయకుండా, తలంటు పోసుకుని, పట్టుపంచె కట్టుకుని, బంగారంలాంటి కారును, రోడ్డెక్కే ముందు జరిగే స్టేట్ ఇన్‌స్పెక్షన్‌లో ఫెయిల్ చేయించిన ఘనుడు న్యూజెర్సీలోని మా పార్సిప్పనీ ఊరు మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. ఆ ఘనుణ్ణి నేనే. కొన్నేళ్ళ కిందటి నేను. ఇప్పుడు గనక ఎదురుపడితే చెవి మెలేసి గోడకుర్చీ వేయిస్తాను.

అది కిట్ కారు. ముందు కిట్ కారంటే ఏమిటో చెప్పాలి. బుద్ధున్నవాడు తయారైన కారు కొనుక్కుంటాడు. లేనివాడికి అదే కారు ముక్కలుగా, పెట్టెల్లో వస్తుంది. ఆ ముక్కలన్నీ మనమే బిగించుకోవాలి. పొద్దస్తమానం డేటాబేస్‌లతో కుస్తీ పట్టే నాకు స్పానర్ పట్టడం కూడా వచ్చని ఎవరు చెప్పారో గుర్తులేదు. ఎవరూ చెప్పి ఉండరు. నా కారుది ఎర్ర రంగు, రెండే సీట్లు, పైన కప్పు లేదు. న్యూజెర్సీ చలిలో కప్పులేని కారేమిటని మీరు అడగబోతున్నారు. అప్పట్లోనూ అందరూ అడిగారు. అడిగిన ప్రతివాణ్ణీ, పాపం రసికత తెలియనివాడని జాలిగా చూసేవాణ్ణి.

మా టౌన్‌హౌస్‌కి ఒక్క కారు పట్టే గరాజ్ ఉంది. దాన్ని నా ఎర్ర కారు చలికాలం తర్వాత చలికాలం ఆక్రమించుకుని కూర్చుంది. నా భార్య వసుధ హాస్పిటల్‌లో ఫార్మసిస్ట్. చీకటి విడకముందే బయల్దేరాలి. ఆవిడ కారు మంచులో ఉండేది. ఆవిడ బయట అద్దం మీద గడ్డకట్టిన మంచును గీకుతుంటే, ఇంటి నుంచే ఉద్యోగం వెలగబెట్టే నేను లోపల హీటర్ పెట్టుకుని కారు తలుపుకి పాలిష్ పట్టేవాణ్ణి. అలా పాలిష్ పడుతూ, 'పాపం చలిగా ఉన్నట్టుంది' అనుకునేవాణ్ణి కూడా. ఎంత దయాహృదయమో చూడండి.

ఒకరోజు ఆవిడ స్టవ్ దగ్గర వేళ్ళు కాచుకుంటూ, గొంతు పెంచకుండా చెప్పింది.

"ఇన్‌స్పెక్షన్ పాసైతే ఆ కారు గరాజ్‌లోనే పెట్టుకోండి, నేను నోరెత్తను. ఫెయిలైతే ఆ రోజే అది బయటికి, నాది లోపలికి."

"అది ఫెయిలయ్యే ప్రశ్నే లేదు," అన్నాను.

నిజానికి లేదు కూడా. తెలిసిన మెకానిక్ ఒకాయన ఇంటికొచ్చి లైట్లు, బ్రేకులు, పొగ అన్నీ చూసి, ఇక దేన్నీ ముట్టుకోవద్దని చెప్పి వెళ్ళాడు. ముట్టుకోకుండా ఉంటే నేను నేనెందుకవుతాను?

కొత్త కారుకి పూజ చేయించకుండా రోడ్డెక్కించే తెలుగువాణ్ణి నేనింతవరకు చూడలేదు. అందరూ గుడికి తీసుకెళతారు. నా కారుకి నంబర్ ప్లేట్ లేదు కాబట్టి గేటు దాటకూడదు. అందుకని టెస్ట్ రోజు పొద్దున్నే పంతులుగారినే మా గరాజ్‌కి రప్పించాను. ఆయన బానెట్ మీద బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, మంత్రం చదివి సంచీ సర్దుకోబోయారు. నాకు తల కొట్టేసినట్టయింది. షోరూమ్‌లో కొన్న కారుకీ ఇదే పూజ, నేను కట్టిన కారుకీ ఇదే పూజేనా?

బానెట్ తెరిచి, ఇంజిన్‌కి కూడా చేయమన్నాను. ఇంజిన్‌కి ఎప్పుడూ చేయలేదండీ, బొట్టు ఎక్కడ పెట్టమంటారని ఆయన అడిగారు. ఇంజిన్ పక్కనుంచి వంపులు తిరుగుతూ పోయే పొగగొట్టాలు చూపించాను. నేను రుద్ది రుద్ది మెరిపించినవి, అందరూ చూడాలని నా ఆశ.

ఆయన పసుపులో నీళ్ళు పోయబోయారు. అక్కడ నాలోని ఇంజినీరు నిద్రలేచాడు. నీళ్ళు తగిలితే తుప్పు పడుతుంది. జిడ్డు ఉంటే పట్టదు. కాబట్టి పసుపు నేతిలో కలపాలి. వాదన ఎంత పకడ్బందీగా ఉందో గమనించండి. వసుధ ఆవునెయ్యి సీసా తెచ్చిస్తూ, "ఆ గొట్టాలు వేడెక్కవా?" అని ఒక్క మాట అంది.

"నీకు థర్మోడైనమిక్స్ తెలుసా?" అన్నాను.

నాకు మాత్రం తెలుసా? ఇంజినీరింగ్‌లో ఆ పేపర్ గట్టెక్కిన సంగతి తలుచుకుంటే ఇప్పటికీ చెమటలు పడతాయి.

పంతులుగారు పెట్టిన బొట్లు చిన్నవిగా కనిపించి, గొట్టాలన్నిటికీ నేనే గడపకి రాసినట్టు నేతి పసుపు పట్టించాను. ఆయన నాలుగు అక్షింతలు వేస్తే నేను గుప్పిళ్ళతో వేశాను. కొన్ని నేతికి అంటుకున్నాయి, మిగతావి సందుల్లోకి జారిపోయాయి. నిమ్మకాయలు తొక్కుకుంటూ కారు, టెస్ట్‌కి మోసుకెళ్ళడానికి పిలిపించిన ట్రక్కెక్కింది. ఇంజిన్ చల్లగా ఉంది కాబట్టి దారి పొడుగునా అంతా శుభమే.

ఇన్‌స్పెక్టర్ తెల్ల మీసాల పెద్దమనిషి. లైట్లు చూశాడు, హారన్ కొట్టాడు, బెల్టులు గుంజాడు, బ్రేకులు తొక్కి చూశాడు. అన్నీ ఓకే. నువ్వే కట్టావా అని మెచ్చుకోలుగా అడిగాడు. నా ఛాతీ ఉబ్బింది. పొగ కొలిచే గొట్టం వెనక తగిలించి, ఇంజిన్ రేస్ చేయమన్నాడు.

చేశాను. కాసేపటికి కమ్మటి వాసన వచ్చింది. ఇంకాసేపటికి మాడు వాసన వచ్చింది. బానెట్ సందుల్లోంచి తెల్లటి పొగ లేచింది. ఆయన పరిగెత్తుకొచ్చి బానెట్ ఎత్తి లోపలికి వంగాడు. సరిగ్గా అప్పుడే వేడికి ఫ్యాన్ దానంతటదే తిరిగింది. దాని చుట్టూ ఇరుక్కున్న అక్షింతలన్నీ ఆయన నెత్తిన, మీసాల మీద, చొక్కా జేబులో పడ్డాయి. శతమానం భవతి అనడానికి పంతులుగారు లేరు గానీ, లోటేమీ లేదు.

ఆయన మీసం మీంచి ఒక గింజ తీసి చూశాడు.

"ఇది బియ్యమా?"

"అవును సార్."

"ఆ పొగ?"

"నెయ్యి. అంటే, కాచిన వెన్న."

"ఇంజిన్‌కి వెన్న ఎందుకు రాశావు?"

"తుప్పు పట్టకుండా."

ఆయన నా పట్టుపంచె వంక చూశాడు. కంటికి పొగ కనబడితే ఫెయిల్, అది రూలు అన్నాడు. అది ఇంజిన్ పొగ కాదు, వంటపొగ అని నేను వాదించాను. ఇంత బాగా కారు కట్టినవాడు దానికి ఈ పని ఎందుకు చేశాడో నాకర్థం కావడంలేదని, నిజంగానే బాధపడుతూ అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రమే ఎర్ర కారు టార్పాలిన్ కప్పుకుని బయటికి, వసుధ కారు లోపలికి వెళ్ళాయి. నేను సెలవు రోజుల్లో డిష్‌సోప్, పాత టూత్‌బ్రష్ పట్టుకుని, మంచులో పడుకుని గొట్టాలన్నీ తోమాను. మళ్ళీ టెస్ట్‌కి పట్టుకెళితే ఆ పెద్దాయనే ముందు వాసన చూసి, తర్వాత పాస్ చేశాడు. గాలిలో తేలుతూ ఇంటికొచ్చి గరాజ్ ముందు హారన్ కొట్టాను.

"పాసైంది వసుధా. నీ కారు తీయి."

ఆవిడ తలుపు దగ్గరే నిలబడింది. "ఫెయిలైతే బయటికి అన్నాను. మళ్ళీ పాసైతే లోపలికి అని ఎప్పుడన్నాను?"

ఆ రోజు ఆవిడన్న మాటలన్నీ గుర్తుచేసుకుని వెతికాను. ఎక్కడా అనలేదు.

కనుక ఈ చలికాలం కూడా పొద్దున్నే మంచు ఎత్తిపోసే పార చేతబట్టి, టార్పాలిన్ ఎదుట నిలబడి, పంచభూతాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక నా జన్మలో నెయ్యిని అన్నంలో తప్ప వేయను. ఇంజిన్ ముందు అక్షింతలు ముట్టను. మరీ ముఖ్యంగా, చలికి వణుకుతున్న మనిషిని థర్మోడైనమిక్స్ తెలుసా అని అడగను.